కంప్యూటరు ల్యాబులో తెలుగు నేరమా?

ప్రవేశాల కాలం వచ్చింది. బీదరు, హుమనాబాదు, ఔరాదు తాలూకాల తెలుగు ఇళ్ల నుండి ఈ ఏడు కూడ ఎందరో పిల్లలు ఇంజనీరింగు, పశువైద్యం, డిగ్రీ చదువులలో చేరుతున్నారు. మార్కుల పత్రం, నివాస ధ్రువపత్రం, ఫీజు రసీదుల నడుమ వారిచేత సంతకం చేయించే కాగితం మరొకటి ఉంటుంది. విద్యాసంస్థ కంప్యూటర్లను, ఇంటర్నెట్టును ఎట్లు వాడుకొనవలెనో, ఎట్లు వాడరాదో తెలిపే నిబంధనల పత్రమది. దానిని పూర్తిగా చదివి సంతకం చేసినవారిని నేనింతవరకు చూడలేదు. మా ఇంట ఒక సంఘటన జరిగి ఉండకపోతే నేనూ చదివేవాడిని కాను.

2007లో మా తమ్ముని కూతురు బీదరులోనే చదువుకొంటూ ఉండేది. కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు. సేవా శిబిరానికి ఆమె బృందం ఒక సరిహద్దు గ్రామానికి వెళ్లవలసి ఉన్నది. ఆ ఊరి పెద్దలకు చదవవచ్చిన లిపి తెలుగు ఒక్కటే. కాచి చల్లార్చిన నీటిని గురించి ఒక చిన్న కరపత్రం తెలుగులో టైపు చేసి తీసుకొనిపోవలెనని ఆమె సంకల్పించింది. ల్యాబు కంప్యూటరులో అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనబడినవి. పెన్‌డ్రైవులో ఒక ఫాంటు తెచ్చి ఎక్కించింది. మరునాడు ఆమె లాగిన్ మూసివేశారు, అదీ ప్రాజెక్టు నివేదిక గడువు ముంగిట, పదిహేను రోజులపాటు. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా వ్రాసిన కారణం ఇది: అనధికార సాఫ్ట్‌వేరు.

మన భాషపై ద్వేషంతోనే ఇట్లు చేశారని మా తమ్ముడు ఉడికిపోయినాడు. నేనూ మొదట అట్లే తలచినాను. తీరా నిబంధనల పత్రం తెప్పించి చదివితే అందులో తెలుగు ఊసే లేదు, కన్నడం ఊసు కూడ లేదు. అనుమతి లేనిదే సాఫ్ట్‌వేరు ఎక్కించరాదు, అమరికలు మార్చరాదు, ఒకరి పాస్‌వర్డును మరొకరు వాడరాదు, చదువుకు సంబంధించని పనులు చేయరాదు అని మాత్రమే ఉన్నది. వీటిలో తప్పుపట్టదగినది ఒక్కటీ లేదు. పెన్‌డ్రైవుల వెంట వైరసులు పాకి యంత్రాలు మూలబడుతుండిన రోజులవి.

చిక్కు మరొకచోట ఉన్నది. యూనికోడులో తెలుగుకు 1991 నుండి స్థానమున్నది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ వెంట గౌతమి అనే తెలుగు ఫాంటు కూడ వచ్చింది. అయితే ఆ ఎక్స్‌పీలో మన లిపులు సరిగా కనబడవలెనంటే కొన్ని ఫైళ్లను విడిగా ఎక్కించవలసి ఉండేది. ఆ అధికారం యంత్ర నిర్వాహకునిదే గాని విద్యార్థిది కాదు. నిర్వాహకునికి ఆ అవసరం తోచలేదు. విద్యార్థినికి ఆ అనుమతి లేదు. ఎవరూ నిషేధించకుండానే తెలుగు నిషిద్ధమైనది. కన్నడానికి ఈ గతి పట్టలేదు. కన్నడ గణక పరిషత్తు రూపొందించిన ‘నుడి’ సాఫ్ట్‌వేరును కర్ణాటక ప్రభుత్వమే ఆదరించింది. ఇందులో అసూయపడవలసినది లేదు, నేర్చుకొనవలసినది ఉన్నది.

విశ్వవిద్యాలయ యంత్రాలపై తెలుగు వ్రాయడం వింత సంగతి ఏమీ కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, రైస్ విశ్వవిద్యాలయంలో ఉండిన తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును వ్రాసే పద్ధతి నొకదానిని కల్పించినారు. ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి పేరులో రైస్ పేరు నేటికీ నిలిచి ఉన్నది. ఆనాడు అక్కడి విశ్వవిద్యాలయాలను కలిపిన ఎన్ఎస్ఎఫ్‌నెట్‌కు కూడ వినియోగ నిబంధనలుండేవి: విద్యకు, పరిశోధనకు వాడవలెను, సొంత వ్యాపారానికి వాడరాదు. తన భాషను యంత్రానికెక్కించే దారి వెదకడం విద్య గాక మరేమిటి? ఫోనులో ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు పుట్టించే మన పిల్లలకు ఆ పద్ధతి దూరపు చుట్టమే.

2019లో విండోస్ 10లోనే అటువంటి తెలుగు కీబోర్డు చేరింది. బయటినుండి తేవలసినది నేడేమీ లేదు. కాని ల్యాబులలో అమరికలకు తాళం వేసి ఉన్నచోట, రోజూ యంత్రం ఆపగానే మార్పులన్నీ చెరిగిపోయేచోట, ఆ కీబోర్డు ఉండీ లేనిదే. కనుక నిబంధనలను సడలించుమని నేను కోరను. వాటికి ఒక వాక్యం చేర్చుమని కోరుతున్నాను: విద్యార్థి తన భాషలో వ్రాయుటకు కావలసిన కీబోర్డును, ఫాంటును సంస్థయే అమర్చవలెను, వాటి వాడుక ఉల్లంఘన కాదు. బీదరులో తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ ఇళ్లూ ఉన్నవి. ఈ కోరిక వారిది కూడ. దీనికి ఎక్కువ పని లేదు, కొనవలసినదీ లేదు.

రాజ్యాంగం 29వ అధికరణం భాషతోపాటు లిపిని కూడ పేర్కొని, దానిని కాపాడుకొనే హక్కు మనకిచ్చింది. 350వ అధికరణం ప్రకారం ప్రభుత్వాధికారులకు మన కష్టాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకొనవచ్చును. తెలుగులో అర్జీ వ్రాయడానికి జంకవలదు.

తల్లిదండ్రులకు ఒక మాట. హక్కు అడిగే ఇంటిలో క్రమశిక్షణ ఉండవలెను. స్నేహితుని లాగిన్‌తో పని కానిచ్చుకొనడం పిల్లలకు చిన్న విషయంగా తోచవచ్చును. ఇతరుల పాస్‌వర్డును మోసబుద్ధితో వాడితే సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి. కళాశాల వైఫైలో సినిమాలు దించుకొని పట్టుబడిన పిల్లవాడు తెలుగు కీబోర్డు అడిగితే వినేదెవరు?

ఇంతకూ 2007లో మా అమ్మాయి క్షమాపణ పత్రం ఇచ్చింది, ఇంగ్లీషులోనే. కరపత్రాన్ని మాత్రం చేతితో వ్రాసి, బజారులో జిరాక్సు తీయించి ఊరికి తీసుకొనిపోయింది. దాని ప్రతి ఒకటి నా బల్ల సొరుగులో ఉన్నది.

ఈ సంచిక చివరి పుటలో నమూనా అర్జీ అచ్చువేసినాము. పేరు, తరగతి నింపి, నిబంధనల పత్రంపై సంతకం చేసేనాడే ల్యాబు బాధ్యునికి ఇచ్చి, రెండవ ప్రతిపై ముద్ర వేయించుకొనగలరు.