ఇంకో తలుపు ఉందన్న సాకు

ధర్మాదాయ భూమి అమ్మకాన్ని ఆపాలని గానీ, గాడి తప్పిన ధర్మకర్తను తప్పించాలని గానీ హైకోర్టులో రిట్ పిటిషన్ పడితే ఎదుటి పక్షం మొదట చేసే వాదన ఒకటే: చట్టంలో ప్రత్యామ్నాయ మార్గం ఉంది, కాబట్టి ఈ పిటిషన్‌ను విచారణకు తీసుకోవద్దు. న్యాయమూర్తి దానికి సమ్మతిస్తే కేసు అడ్మిషన్ దశలోనే ముగుస్తుంది. తగిన వేదికను ఆశ్రయించే స్వేచ్ఛ పిటిషనర్‌కు ఉందన్న వాక్యం ఉత్తర్వు చివర చేరుతుంది. ఆ వాక్యం చూపించే, పిటిషనర్‌కు పోయిందేమీ లేదనీ, వేదిక మారిందంతే అనీ ప్రభుత్వ శాఖలూ ధర్మకర్తలూ వాదిస్తారు. ఈ మాట పచ్చి అబద్ధం. ధర్మాదాయ వివాదాల్లో పోయేదంతా ఆ వేదిక మారే వ్యవధిలోనే పోతుంది.

ప్రత్యామ్నాయ మార్గం ఉంటే రిట్ వినరాదన్నది రాజ్యాంగం పెట్టిన నిషేధం కాదు, న్యాయస్థానాలు తమకు తాము విధించుకున్న నియమం. ఇది విధానానికీ సౌలభ్యానికీ విచక్షణకూ సంబంధించిన సూత్రమే తప్ప కట్టుదిట్టమైన చట్టం కాదని సుప్రీంకోర్టు మహమ్మద్ నూహ్ కేసులో 1957లోనే చెప్పింది. ప్రాథమిక హక్కులకు భంగం కలిగినా, సహజ న్యాయసూత్రాలను ఉల్లంఘించినా, అధికారం లేని వారు ఉత్తర్వు ఇచ్చినా, చట్టం చెల్లుబాటునే సవాలు చేసినా ఈ నియమం అడ్డు రాదని 1998లో వర్ల్‌పూల్ తీర్పు తేల్చింది. 2021లో రాధాకృష్ణ ఇండస్ట్రీస్ కేసులోనూ సుప్రీంకోర్టు ఆ సూత్రాలనే మళ్లీ చెప్పింది. సాక్షులను విచారించి తేల్చాల్సిన వాస్తవ వివాదాలకు రిట్ విచారణ అనువు కాదన్నది న్యాయమైన అభ్యంతరమే.

పోయిందేమీ లేదన్న మాటను భూమి మీద పెట్టి చూస్తే నిజం బయటపడుతుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ దేవదాయ, వక్ఫ్ ఆస్తుల రిజిస్ట్రేషన్‌ను నిషేధిస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ముందుండే నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నంత కాలం దస్తావేజు కదలదు. అధికారి ఎవరో ఆ నంబరును జాబితా నుంచి తొలగిస్తే, దాన్ని ప్రశ్నిస్తూ భక్తులు వేసిన రిట్‌ను ప్రత్యామ్నాయ మార్గం పేరుతో కొట్టివేస్తే, ఆ సాయంత్రానికి భూమికి కాపలా ఉండదు. వివాదం నడుస్తుండగా జరిగే అమ్మకాలు తుది తీర్పుకు లోబడాలని ఆస్తి బదిలీ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. రిట్ ముగిసిన రోజుకూ, కొత్త వేదికలో దావా దాఖలయ్యే రోజుకూ మధ్య ఆ రక్షణ వర్తించదు. కాగితాలకు నకళ్లు తీయించి, మరో వకీలును పెట్టుకుని, కోర్టు ఫీజు కట్టేసరికి పొలం ప్లాట్లవుతుంది. ప్లాట్లకు కొత్త యజమానులు వస్తారు. వారిలో ప్రతి ఒక్కరినీ ప్రతివాదిగా చేర్చాలి, ప్రతి ఒక్కరికీ నోటీసు అందాలి. ఒక్క ధర్మకర్తపై మొదలైన వివాదం వీధి మొత్తంపై దావాగా మారుతుంది.

కమిషనర్ ముందస్తు అనుమతి లేని అమ్మకం 1987 నాటి దేవదాయ చట్టంలోని 80వ సెక్షన్ ప్రకారం చెల్లదు కదా అని దీనికి సమాధానం వస్తుంది. కాగితం మీద చెల్లదు, నిజమే. ఆ చెల్లని దస్తావేజు మీదే బ్యాంకు అప్పు పుడుతుంది, స్లాబు పడుతుంది, కాపురాలు మొదలవుతాయి. ఇక కాలపరిమితి చట్టంలోని 14వ సెక్షన్, సదుద్దేశంతో పొరపాటు వేదికలో గడిపిన కాలాన్ని లెక్క నుంచి మినహాయిస్తుంది. మినహాయింపు దొరికేది గడువుకే. ఆ గడువులో చేతులు మారిన భూమిని ఏ సెక్షనూ తెచ్చి ఇవ్వదు. పైగా ధర్మకర్తపై దావాకు కాలపరిమితి లేదనే 10వ సెక్షన్, సొమ్ము చెల్లించి కొన్నవారికి వర్తించదు.

ఇక చూపించే ఆ రెండో తలుపు సంగతి. ప్రజా ధర్మాదాయ సంస్థలపై సివిల్ ప్రక్రియా స్మృతిలోని 92వ సెక్షన్ కింద దావా వేయాలంటే, అడ్వొకేట్ జనరల్ ముందుకు రానప్పుడు, ఆసక్తి ఉన్న కనీసం ఇద్దరు కలవాలి, ముందుగా కోర్టు అనుమతి పొందాలి. అక్కడ దొరికేది ధర్మకర్త తొలగింపు, లెక్కల అప్పగింత, నిర్వహణ ప్రణాళిక వంటి కొన్ని ఉపశమనాలే. సంస్థతో సంబంధం లేని కొనుగోలుదారుపై హక్కు ప్రకటన ఆ సెక్షన్ కింద రాదు. దేవదాయ సంస్థలకైతే 1987 చట్టంలోని 151వ సెక్షన్ సివిల్ కోర్టుల దారి మూసి, 87వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ దారి చూపింది. ఆ అధికారం మొదట శాఖకే చెందిన డిప్యూటీ కమిషనర్ చేతిలో ఉండేది, 2007 సవరణతో ట్రిబ్యునల్‌కు మారింది. అయినా ఆ సెక్షన్‌లో లేని వివాదాలు శాఖ లోపలి అప్పీళ్లకూ, ప్రభుత్వం ముందు రివిజన్లకూ వెళ్తాయి. ఫిర్యాదు ఎవరి మీదో తీర్పరి కూడా వారే.

ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు తిప్పడం ఎంత దూరం పోతుందో హైదరాబాద్‌కు చెందిన సుగ్రా హుమాయూన్ మీర్జా వక్ఫ్ అనుభవం చెబుతుంది. అద్దెదారులను ఖాళీ చేయించాలని ఆ వక్ఫ్, 1995 వక్ఫ్ చట్టం చూపిన ట్రిబ్యునల్‌కే వెళ్లింది. ఉత్తర్వులు అనుకూలంగా వచ్చాయి, హైకోర్టు వాటిని సమర్థించింది. 2010లో సుప్రీంకోర్టు మాత్రం ట్రిబ్యునల్‌కు ఆ అధికారం లేదనీ, అది సివిల్ కోర్టు పని అనీ తేల్చింది. మూడేళ్లకే, 2013లో, పార్లమెంటు చట్టాన్ని సవరించి అద్దెదారుల ఖాళీ వివాదాలను ట్రిబ్యునల్‌కే అప్పగించింది. ఏది సరైన తలుపో దేశంలోని అత్యున్నత న్యాయస్థానమూ పార్లమెంటూ మూడేళ్ల తేడాలో రెండు రకాలుగా చెప్పిన చోట, తప్పు తలుపు తట్టావంటూ ఊరి భక్తుడినో, వక్ఫ్ నిర్వాహకుడైన ముతవల్లీ మీద ఫిర్యాదు చేసిన సామాన్యుడినో వెనక్కి పంపడం అన్యాయం.

రిట్‌ను విచారణకు తీసుకుని, ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంచి, చివరికి ప్రత్యామ్నాయ మార్గం ఉందని కొట్టివేయడం మరీ దారుణం. విచారణకు స్వీకరించి వాదనలు విన్న పిటిషన్‌ను ఆ కారణంతో తోసిపుచ్చడం సమర్థనీయం కాదని సుప్రీంకోర్టు 1970లో హృదయ్ నారాయణ్ కేసులో చెప్పి యాభై ఏళ్లు దాటింది.

న్యాయస్థానాలు తలచుకుంటే ఎంత తేడా పడుతుందో మాన్సాస్ ట్రస్టు వివాదమే సాక్ష్యం. ఛైర్‌పర్సన్ నియామకంపై 2020 మార్చిలో వెలువడిన జీవోను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2021 జూన్ 14న కొట్టివేసి, రాజవంశీకుడైన అశోక్ గజపతిరాజును తిరిగి ఆ స్థానంలో నిలిపింది. రాజవంశీకుడికి దక్కిన విచారణ, గ్రామ సత్రం భూమి కోసం పోరాడేవారికీ దక్కాలి. దేవాలయ, ధర్మాదాయ ఆస్తులను కాపాడటం న్యాయస్థానాల బాధ్యత అని 2007లో గోపాలకృష్ణన్ వర్సెస్ కొచ్చిన్ దేవస్వం బోర్డు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కంచే చేను మేసే ఇలాంటి పనులను కఠినంగా అణచాలనీ అంది. బాధ్యత తమదని చెప్పిన వ్యవస్థ దాన్ని ఇంకో వేదికకు తోసేసి చేతులు దులుపుకోరాదు.

పత్రాల మీదే తేలే వివాదాలను, అధికార పరిధి దాటిన ఉత్తర్వులపై ఫిర్యాదులను హైకోర్టులు స్వయంగా వినాలి. సాక్ష్యం అవసరమై వేరే వేదికకు పంపక తప్పనప్పుడు, ఏ వేదిక, ఏ సెక్షన్, అక్కడ అడిగిన ఉపశమనం దొరుకుతుందా అన్నది ఉత్తర్వులోనే రాయాలి. దావా వేసేవరకు తాత్కాలిక రక్షణ ఇవ్వడం కోసమే రిట్ అధికారాన్ని వాడరాదన్న 1951 నాటి మదన్ గోపాల్ రుంగ్టా తీర్పు అడ్డంకిగా వినిపిస్తుంది. పిటిషన్‌ను ముగించకుండా ఫైల్ మీదే ఉంచి, రెండో వేదిక కేసు చేపట్టేదాకా యథాతథ స్థితి కొనసాగిస్తే ఆ అడ్డంకి రాదు. ఇక్కడ ట్రిబ్యునల్‌కు వెళ్లమని వాదించిన శాఖ, అక్కడికి వెళ్లాక ట్రిబ్యునల్‌కు అధికారం లేదని వాదించకుండా ఆ మాటను ఉత్తర్వులో నమోదు చేయాలి. ఇక ప్రత్యామ్నాయ మార్గం ఉందని కౌంటర్ వేసే ప్రభుత్వం, ఆ ట్రిబ్యునల్‌లో ఛైర్మన్ ఉన్నారా, ఎన్నాళ్లుగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయన్న వివరాలను అదే కౌంటర్‌లో ప్రమాణపూర్వకంగా చెప్పాలి.