పరామర్శయు పాలుపంచుకొనుటయు

ఒక గృహమున తండ్రికి గాని తల్లికి గాని పక్షవాతము వచ్చినదని తెలిసిన దినమున ఆ వాకిట చెప్పులు విడుచుటకు చోటుండదు. బంధువులు, ఇరుగుపొరుగువారు, తోడి పనివారు అందఱును వత్తురు. పండ్లు తెచ్చువారు కొందఱు, కన్నీరు పెట్టువారు కొందఱు, తమకు తెలిసిన నాటుమందును వర్ణించువారు మఱికొందఱు. రెండు నెలలు గడచిన పిమ్మట ఆ వాకిలి బోసిపోవును. రోగి ఆ మంచముమీదనే యుండును. ఆసుపత్రి ఖర్చులకు చేసిన అప్పు గడువునకు వచ్చును. ఇల్లాలి నడుము విరుగును. బడికి పోవలసిన పిల్ల వంటయింట నుండును. కష్టము పెరుగుచుండగా సహాయము తఱుగుచుండుట మన సంఘమునందలి పెద్ద లోపమని నా యభిప్రాయము. పరామర్శ వేఱు, పాలుపంచుకొనుట వేఱు. మొదటిది మూన్నాళ్ళ ముచ్చట. రెండవది నెలల తరబడి నిలువవలసిన పని. ఆ రెండవదానిని గూర్చియే ఈ నాలుగు మాటలును.

ముందుగా ఈ వ్యాధి యెట్టిదో తెలిసికొందము. మెదడునకు రక్తమును గొనిపోవు నాళము గడ్డచేత మూసికొనిపోయినను, లేక చిట్లినను, ఆ భాగము రక్తము లేక చెడిపోవును. దీనినే పక్షవాతమందుము. ఇందు నాళము మూసికొనిపోవుటయే తఱచు. మెదడు ఎడమభాగము చెడినచో శరీరమున కుడివైపు చచ్చుబడును. కుడిభాగము చెడినచో ఎడమవైపు పడిపోవును. మాట పలుకు శక్తికి మెదడు ఎడమభాగమున స్థానము కలదని ఫ్రాన్సు దేశపు వైద్యుడు పాల్ బ్రోకా 1861వ సంవత్సరమున చూపెను. కుడిచేయి పడిపోయినవారికి తఱచుగా మాటయు పోవుట కిదియే కారణము. రక్తపుపోటు, మధుమేహము, పొగాకు ఈ వ్యాధికి దారితీయువానిలో ముఖ్యములు.

మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఎత్తిన చేయి జాఱిపోవుట, మాట తడబడుట, ఈ మూడింటిలో ఏ యొక్కటి అకస్మాత్తుగా కనబడినను జాగు చేయరాదు. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలసియున్నది. అదియును స్కానింగు తీసి, నాళము చిట్లలేదని తేల్చుకొనిన పిమ్మటనే. కావున రోగి చివరిసారి బాగుగా నున్న వేళ యేదియో గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున 2005లో ఆరంభమైన 108 ఆంబులెన్సు పిలుపును ఇప్పుడు పల్లెలోని పసివాడును ఎఱుగును. అయినను పావురపు నెత్తురు రాయుదమనియు, ఫలాని యూరి తైలము తెత్తమనియు కాలము గడుపు పెద్దలింకను ఉన్నారు. అట్టిచోట పెద్దలకు వినయముతో ఎదురు చెప్పుట విద్యార్థికి తప్పు కాదు. తండ్రి ప్రాణముకంటె మొగమాటము గొప్పది కాదు గదా!

ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిన దినమున కష్టము తీరినదని అందఱును తలంతురు. నిజమున కానాడే రెండవ యధ్యాయము మొదలగును. మ్రింగుడు సరిగా లేని రోగికి పండుకొనియుండగా నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము తెచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, వైద్యులు చెప్పినట్టి యాహారమునే కొంచెము కొంచెముగా పెట్టవలెను. కదలలేనివారిని సుమారు రెండేసి గంటలకొకసారి ప్రక్క మార్చి పండుకొనబెట్టనిచో వీపున పుండ్లు పడును. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపినచో భుజపుకీలు తొలగును. రక్తపుపోటు మాత్రలు, వైద్యులు వ్రాసిన తక్కిన మందులు ఒక్కనాడును మానరాదు. మానినచో వ్యాధి మరల వచ్చు భయము కలదు. ఇవి యన్నియు నేర్చికొని చేయవలసిన పనులు. ప్రేమ యొక్కటియే చాలదు.

మాట పోయినవారి సంగతి మఱింత జాగ్రత్తగా చూడవలసినది. మాట రానంత మాత్రమున బుద్ధి పోయినదని యెంచరాదు. మనము చెప్పినది పూర్తిగా గాని, కొంతవఱకు గాని గ్రహించుచు, బదులు చెప్పలేక కుములువారు పలువురు. అట్టివారియెదుట వారిని గూర్చియే పరులతో మాటలాడుటయు, చెవిటివారియెదుటవలె అఱచుటయు తగదు. ఒక్కొక్క ప్రశ్న అడిగి, అవునో కాదో తలతో గాని చేతితో గాని చూపుటకు వ్యవధి నీయవలెను. కారణము లేకయే రోగి యేడ్చుటయు నవ్వుటయు కూడ మెదడు దెబ్బవలన కలుగు లక్షణము. అంతియేకాక, పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించు మూడవవంతు మందికి మనోవ్యాకులత వ్యాధిగా పరిణమించును. దానికిని చికిత్స కలదు. దానిని మొండితనమని కసరుకొనరాదు.

ఇక ఈ సేవ యంతయు ఎవరు చేయుదురు? ఇంటివారే చేసికొనవలెనని సులభముగా చెప్పుదుము. ఈ విషయము మన దేశముననే పరీక్షింపబడినది. 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులను తీసికొని, అందు సగము మంది యింటివారికి వ్యాయామము మొదలగువానిలో శిక్షణ నిచ్చి, తక్కినవారికి మామూలు వైద్యమే యుంచి చూచిరి. ఆ ఫలితములు 2017లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటింపబడెను. ఆఱు నెలల పిమ్మట చనిపోయినవారును, పరాధీనులై యున్నవారును కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే. దీనివలన ఇంటివారి సేవ వ్యర్థమని యర్థము కాదు. వైద్యులును, ఫిజియోథెరపీ నేర్చినవారును, సంఘమును మోయవలసిన బరువు నంతయు ఇంటివారి తలపై పెట్టి, వారికి నాలుగు పాఠములు చెప్పినంతనే మన బాధ్యత తీరదని యర్థము. నేను దీనినుండి గ్రహించినది ఇదియే.

ఒక చిన్న పట్టణమున తాపీపని చేయు గృహస్థు నొకనిని ఊహింతము. అతనికి పక్షవాతము వచ్చెను. దినకూలి ఆగిపోయెను. భార్య కూలికి పోయినచో రోగిని చూచువారు లేరు. రోగిని చూచినచో పొయ్యి వెలుగదు. ఇంట తొమ్మిదవ తరగతి చదువు కూతురును, ఏడవ తరగతి చదువు కుమారుడును ఉన్నారు. అప్పుడేమి జరుగును? ఎవరును ఆలోచించి తీర్మానింపరు. కాని పదిదినములలో కూతురు బడి మానును. మొదట ఒకపూట, పిమ్మట వారము, పిమ్మట పరీక్షల వఱకు. మరల పోవుటకు సిగ్గుపడును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను విధించినది. తొమ్మిదవ తరగతి బాలిక సరిగా ఆ గీటు దాటిన వయసున నున్నది. ఆమె మానినచో అడుగువారు లేరు. ఒక్క రక్తనాళము మూసికొనిపోయినందుకు ఇద్దఱి జీవితములు కుంటుపడుట న్యాయమా?

ఇందుకు కొందఱు, "తల్లిదండ్రుల సేవకంటె చదువు గొప్పదా? కష్టము తెలియని పిల్లలు మనుష్యులగుదురా?" అని యడుగుదురు. ఈ ప్రశ్నలో సత్యము లేకపోలేదు. సేవ పిల్లలకు తగదని నేననను. ఉదయమున ఒక గంట, సాయంకాలమున ఒక గంట తండ్రికి అన్నము పెట్టి, చేయి కాలు ఆడించి, దినపత్రిక చదివి వినిపించు బిడ్డ పాఠములలో నేర్వనిది నేర్చును. కాని పనిలో వంతు వేఱు, బ్రదుకంతయు సమర్పించుట వేఱు. ఆ వంతు కుమారునకును కలదు. చెల్లెలు వంటయింట నుండగా అన్న ఆటస్థలమున నుండుట ధర్మము కాదు. రోగికి పక్క మార్చుటకును, పళ్ళెము కడుగుటకును మగవాని చేతులు తక్కువ పనికిరావు.

అయిన నేమి చేయవలెను? మొదటిది, వచ్చి చూచిపోవువారు "ఏమైన కావలసినచో చెప్పుడు" అను మాట మానవలెను. కష్టములో నున్నవారు అడుగరు; అడుగుటకు వారికి నోరు రాదు. దానికి మాఱుగా ప్రతివారును ఒక చిన్న పనిని, ఒక నిర్ణీత దినమున, కొన్ని నెలలపాటు తమదిగా చేసికొనవలెను. బుధవారము సాయంకాలము రెండు గంటలు రోగిప్రక్కన కూర్చుండుట ఒకరి పని. ఆ వేళకు ఇల్లాలు నిద్రపోవచ్చును, బజారునకు పోవచ్చును. నెలకొకసారి ఆసుపత్రికి తోడుపోవుట మఱియొకరిది. శనివారపు వంట వేఱొకరిది. ఇట్లు ఆఱు కుటుంబములు కూడినచో ఏ యొక్కరికిని బరువు తెలియదు. ఆ యింట ఒక చదువు నిలుచును.

రెండవది, కాగితముల పని. కూలి పోయిన యింటికి ఇది మందుతో సమానము. సదరం శిబిరమున పరీక్షింపబడి వైకల్య ధ్రువపత్రము పొందినగాని పింఛను రాదు. ఆంధ్రప్రదేశమున పక్షవాతముచేత మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 2024లో నెలకు 15,000 రూపాయలు చేసిరి. తెలంగాణమున వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలు చేసిరి. కదలలేని రోగిని శిబిరమునకు గొనిపోవుట, పత్రములు పూర్తిచేయుట, బ్యాంకులో వ్రేలిముద్ర సంగతి సరిచూచుట చదువురాని యిల్లాలికి కొండయెక్కుట వంటివి. పై తరగతుల విద్యార్థులారా! ఇది మీరు చేయగల పని. రెండు పూటలు కార్యాలయమునకు తిరిగినచో ఒక కుటుంబమునకు నెలనెలకు అన్నము దొరకును.

మూడవది, పాఠశాలకు సంబంధించినది. ఒక విద్యార్థి పదిదినములు రానిచో హాజరుపట్టీలో సున్న చుట్టి ఊరకుండరాదు. ఉపాధ్యాయు డొకరు ఇంటికి పోయి చూడవలెను. ఉదయము రోగిని కడిగి వచ్చు బిడ్డ మొదటి గంటకు ఆలస్యమైనచో దండన తగదు. తోడివిద్యార్థులు తప్పిన పాఠములను వ్రాసి యీయవచ్చును. ఇందేదియు ద్రవ్యముతో పనిలేనిది. ఇట్టి బిడ్డను జాలిచూపులతో వేఱుచేయక, ఎప్పటివలె ఆటలోను మాటలోను కలుపుకొనుట అన్నిటికంటె అవసరము.

కడపట రోగిని గూర్చి ఒక మాట. పక్షవాతము వచ్చినవానిని ఇంటి లెక్కనుండి తీసివేయుట మన యలవాటు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరుకు 1868లో, తన నలువదియైదవ యేట పక్షవాతము వచ్చి ఎడమవైపు పడిపోయెను. ఆయన పూర్తిగా కోలుకొనలేదు. అయినను పిచ్చికుక్క కాటునకు ఆయన కనిపెట్టిన టీకాను మొదటిసారి ఒక బాలునకు వేసినది 1885లో, అనగా ఆ జబ్బు వచ్చిన పదునేడేండ్లకు. ఆయన చెప్పగా భార్య మేరీ వ్రాయుచుండెడిది. శిష్యులు ప్రయోగములలో చేతులైరి. అందఱును పాశ్చరులు కారు. కాని తాపీపనివాడు మంచముమీదనుండియే కుమారుని లెక్కలు సరిచూడవచ్చును. కూతురి పెండ్లిని గూర్చి గాని, ఇల్లు తాకట్టు పెట్టుటను గూర్చి గాని అతని తలయూపు తీసికొనకుండ నిర్ణయింపరాదు. ఇంటి పెద్ద యింకను ఇంటి పెద్దయే.

ఈ పత్రికను చదువు మీలో కొందఱి యిండ్లలోనే ఇట్టి మంచము ఉండవచ్చును. వారికి నేను ధైర్యము చెప్పబోను. వారి ధైర్యము మనకంటె పెద్దది. తక్కినవారికే నా విన్నపము. మీ వీథిలో రెండు నెలలక్రితము మీరు పరామర్శించి వచ్చిన యిల్లు ఏదియో జ్ఞాపకము చేసికొనుడు. ఈ వారమున ఒక దినము నిర్ణయించుకొని మరల పొండు. పండ్లు తీసికొనిపోకున్నను సరే, రెండు గంటల తీరిక తీసికొనిపొండు. పై వారము అదే దినమున మరల పొండు.