గడ్డినే... చెట్టన్నారు!

వెదురు గడ్డి జాతి మొక్క. వరికీ, జొన్నకీ, చెరకుకీ దగ్గరి చుట్టం. ఆ సంగతి ఒప్పుకోవడానికి మన చట్టానికి 90 ఏళ్లు పట్టింది! 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. దాంతో పెరట్లో పెంచుకున్నది నరికి తీసుకెళ్లాలన్నా చాలాచోట్ల అనుమతి కాగితం కావాల్సి వచ్చేది. భద్రాచలం అడవి అంచున బుట్టలల్లి బతికే కుటుంబాలకు ఇది మాటల తేడా కాదు, కూటి సమస్య.

అల్లిక చూడటానికి తేలికే. అసలు పనితనమంతా చీల్చడంలో ఉంది. మరీ లేత బొంగయితే పురుగు పడుతుంది, బాగా ముదిరితే వంగదు. పైపొర బద్ద గట్టిది, లోపలిది మెత్తన. గంప అంచుకు ఏది, నడుముకు ఏది అన్నది చేతికే తెలియాలి. చేటలో సందు ఉండకూడదు. జల్లెడకు సందులే ప్రాణం, అవీ ఒకే కొలతలో... కొలబద్ద లేకుండా!

జపాన్‌లో బెప్పు అనే ఊరుంది. వేడినీటి బుగ్గలకు పేరు. అక్కడికి వచ్చినవాళ్లు కొనుక్కెళ్లే వంటింటి బుట్టలతోనే ఆ ఊరి వెదురుపని ఎదిగింది. అక్కడి షోనో షోఉన్‌సాయ్‌ని 1967లో 'సజీవ జాతీయ నిధి'గా గౌరవించారు. వెదురు పనిలో ఆ గౌరవం పొందిన మొదటివాడాయన. సంప్రదాయ హస్తకళల కోసం 1974లో చట్టం చేసి, 1979లో బెప్పు అల్లికకూ అందులో చోటిచ్చారు. ఈ పని నేర్పడానికి సర్కారు శిక్షణ కేంద్రమూ ఉంది.

భద్రాచలమూ యాత్రికుల ఊరే. కానీ సరిగ్గా ఆ 1979లోనే గోదావరి ఆవలి ఒడ్డున, సారపాకలో కాగితం మిల్లు మొదలైంది. వెదురు గుజ్జుగా మారింది. తర్వాత మిల్లు రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ వైపు మళ్లిందనుకోండి.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. 2017లో అడవి బయట పెరిగే వెదురు చెట్ల జాబితా నుంచి బయటపడింది. ఈలోగా 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చాలా పల్లెలకు అడవి ఒక రాష్ట్రం, అంగడి మరో రాష్ట్రం!

మారేడుమిల్లి దారిలో బొంగులో కోడికి మాత్రం గిరాకీయే గిరాకీ. కోడి తినేశాక బొంగు పారేస్తారు. ఇళ్లలోకి ప్లాస్టిక్ చేటలు ఎప్పుడో వచ్చేశాయి. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి తెచ్చే ఇళ్లవాళ్లు మాత్రం ముహూర్తం పెట్టుకోగానే ఇప్పటికీ మేదరింటికి కబురు పెడతారు.