రాచకొండకు రెండో గేరులో

ఈ వారం తెలిసినవాళ్లందరూ వాట్సప్‌లో ఒకటే వీడియో పంపారు. ఇంగ్లండ్‌లో ఏదో పల్లెదారి. టాపు దించేసిన ఎంజీలు, ట్రయంఫ్‌లు బారులు తీరి మలుపులు తిరుగుతున్నాయి. కింద మనవాళ్ల నిట్టూర్పు: "మనకెక్కడివండీ ఇలాంటి రోడ్లు!" ఆ రాసినవాళ్లు ఎల్బీనగర్ కాలనీలవాళ్లే కావడంతో నాకు ఒళ్లు మండింది.

రోడ్డు మన గుమ్మంలోనే ఉంది. సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్ దాటండి. ఇబ్రహీంపట్నం దాకా వెంచర్ల బోర్డులే, డ్రైవరు తప్ప మిగతావాళ్లు కళ్లు మూసుకోవచ్చు. అక్కణ్నుంచి మంచాల వైపు తిరిగితే దారి సన్నబడుతుంది, రాళ్లగుట్టలు దగ్గరికొస్తాయి. ఆ గుట్టల మధ్యే రాచకొండ, పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. 'రసార్ణవసుధాకరం' రాసిన సింగభూపాలుడు ఏలిన చోటు. మనవాళ్లలో చాలామందికి మాత్రం అది ట్రాఫిక్ పోలీసుల చలానా మీద చూసిన పేరు. వచ్చేటప్పుడు సంస్థాన్ నారాయణపురం, చౌటుప్పల్. ఓపికుంటే పోచంపల్లి: 1951లో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు నూరెకరాలిచ్చిన ఊరు. మగ్గం చప్పుడు వినాలంటే అక్కడ ఇంజను ఆపాలి.

ఆ దారిన ఎవరు పోతారు? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉందిగా! 2023లో వేగపరిమితిని కూడా 120కి పెంచారు. ఆ వేగంలో గుట్ట కనబడదు, టోల్‌గేటు కనబడుతుంది.

స్పోర్ట్స్ కారే కావాలని పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ లేదు, ఎంజీ ఉంటే తీయండి. లేదంటే షెడ్డులో దుమ్ము పట్టిన స్టాండర్డ్ హెరాల్డ్ చాలు. మద్రాసులో తయారైందని చిన్నచూపు వద్దు, ట్రయంఫ్ కంపెనీ తన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును నిలబెట్టింది హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే. స్టీరింగ్ పక్కన గేరున్న పద్మినీ అయినా నాకు సమ్మతమే.

దాచుకోవడం మన జబ్బు. చౌమహల్లాలో నిజాం సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆర్డరిచ్చిన మహబూబ్ అలీ పాషా 1911లో పోయాడు, బండి కొడుకు ఏలుబడిలో వచ్చింది. నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదంటారు. అంత రోల్స్‌రాయిస్‌కు అదీ ఒక బతుకేనా? తిప్పకపోతే బండి పాడవుతుంది, బండితోపాటు మెకానిక్కూ పోతాడు. కార్బొరేటర్ చప్పుడు విని రోగం చెప్పే మేస్త్రీలు ఇప్పటికే ముసలివాళ్లయ్యారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జావా నేర్పుతారు గానీ పాయింట్లు సెట్ చేయడం నేర్పరు కదా.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండికి ఇరవై వేలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్. రోజూ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు తీయొచ్చు. సరే, ర్యాలీ అన్నారుగా, పెట్టండి. నెక్లెస్ రోడ్డులో వద్దు, ఆ సోకులన్నీ పడమటి వైపువాళ్లకే ఎందుకు? ఆదివారం తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నిలబెట్టండి. ఆ వేళ విజయవాడ బస్సులు దిగే జనం, ఆటోవాళ్లు తప్ప అడ్డుండదు. మా తూర్పు వైపు అందరూ దాటిపోయేవాళ్లే. దాటడానికి ఫ్లైఓవర్లు కూడా కట్టి పెట్టారు. ఇక్కణ్నుంచి బయల్దేరేవాళ్లు కూడా కొందరుండాలి.

అయితే తొందరపడాలి. యాభై ఏళ్ల ఇనుముకు వారసత్వమని కాగితమిచ్చిన మనం, దాదాపు 250 కోట్ల ఏళ్ల ఈ రాచకొండ దారి రాళ్లను కంకర చేస్తున్నాం. నగరంలో కొన్ని రాళ్లగుట్టలకు వారసత్వ హోదా ఉంది, అది కూడా కొందరు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది. ఊరు దాటాక రాయంటే క్రషర్‌కు మేత, లేదా ప్లాటుకు అడ్డు. కంకర లేనిదే ఇల్లెలా కడతావని అడుగుతారు, తెలుసు. నా ఇల్లూ కంకరతో కట్టిందే. కానీ గుట్టను పేల్చి చదును చేసినవాళ్లే, బ్రోషర్ అట్ట మీద మాత్రం గుట్ట బొమ్మే వేస్తున్నారు!