లెక్క యంత్రానిది, కూడు మనిషిది

ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ఒక సంఘం, ముగ్గురు కలిస్తే రెండు సంఘాలు అని మన మీద ఒక ఛలోక్తి ఉంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇన్ని సంఘాలు పెట్టుకున్న మనం ఒక పని మాత్రం ఇంకా చేతికెత్తుకోలేదని నా అభిప్రాయం. ఊళ్లో బడికి గదులు కట్టించాం, కంటి వైద్య శిబిరాలు పెట్టించాం, తుఫాను వస్తే విరాళాలు పంపించాం. ఇవన్నీ మంచి పనులే. అయితే ప్రభుత్వం ఒక ఆర్థిక విధానం తెస్తున్నప్పుడు, దాని బరువు మోసేవాళ్లను ముందుగా సంప్రదించారా అని అడగడం మాత్రం మన పని కాదనుకున్నాం. అది మన పనే. అందులోనూ డాక్టర్లు, ఇంజనీర్లు ఇంతమంది ఉన్న సంఘాలకు అది మరీ ముఖ్యమైన పని.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. రెండు జాబితాల్లోని పేర్లను కంప్యూటర్ చేత కలిపించడం ఎంత తేలికో, తప్పుగా కలపడం కూడా అంతే తేలికని రోజూ చూస్తుంటాను. ఆఫీసులో అటువంటి తప్పు జరిగితే మర్నాడు సరిదిద్దుతాం. అదే తప్పు ప్రభుత్వ కార్యాలయంలో జరిగితే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు.

మనవాళ్లు వేల సంఖ్యలో ఉంటున్న మిషిగన్ రాష్ట్రం సంగతే చూడండి. నిరుద్యోగ భృతిలో మోసాలు పట్టుకోవడానికి 2013 అక్టోబరులో అక్కడ ఒక కంప్యూటర్ వ్యవస్థను ప్రవేశపెట్టారు. దాని పేరు మైడాస్. ముట్టుకున్నదల్లా బంగారం కావాలని వరం కోరుకుని, చివరికి నోటి దగ్గరి ముద్ద కూడా తినలేకపోయిన గ్రీకు పురాణాల్లోని రాజు పేరే అది. ఉద్యోగి కొన్ని వారాల్లో సంపాదించిన మొత్తాన్ని ఆ వ్యవస్థ మిగతా వారాలకు కూడా సమానంగా పంచి, లెక్క తేడా వచ్చిందంటే మోసమని ముద్ర వేసేది. ఆ నిర్ణయాన్ని మళ్లీ చూసే మనిషి చాలా కేసుల్లో లేడు. నోటీసు ఎవరూ తెరిచి చూడని ఆన్‌లైన్ ఖాతాలోకి పోయేది. జవాబు రాకపోతే నేరం ఒప్పుకున్నట్టే. తీసుకున్న భృతికి నాలుగు రెట్లు జరిమానా! 2015 వరకు ఇలా సుమారు 40,000 మంది నిందితులయ్యారు. ఆ తరువాత యంత్రం ఒక్కటే తేల్చిన 22,427 కేసులను రాష్ట్రమే తిరిగి పరిశీలిస్తే నూటికి 93 తప్పని తేలింది.

ఈ తప్పు బయటికి ఎలా వచ్చింది? యంత్రం తనంతట తాను చెప్పలేదు. యూఏడబ్ల్యూ కార్మిక సంఘమూ, డెట్రాయిట్‌లోని షుగర్ లా సెంటర్ అనే న్యాయసహాయ సంస్థా 2015లో ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. ఇంకొక కేసు ఏళ్ల తరబడి నడిచి, 2022లో 2 కోట్ల డాలర్ల పరిహారానికి రాష్ట్రం ఒప్పుకుంది. పౌర సమాజం అని పెద్ద పేరు పెట్టి మనం చెప్పుకునేది ఇదే. ప్రభుత్వానికీ వ్యాపారానికీ బయట నిలబడి, ఇదేమిటని అడిగే నలుగురు మనుషులు.

ఇదే కథ మన తెలుగు నేల మీదా జరిగింది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల జాబితాలను కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని తేల్చేది. పేరు కలిసిన పాపానికి, రిక్షా తొక్కి సంసారం ఈదిన మనిషికి కారుందని తేల్చి ఆ ఇంటి కార్డు తీసేసిన ఉదంతం కూడా బయటపడింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016 తరువాత రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు పరిశీలిస్తే, 15,471 మంది అర్హులని తేలింది. నూటికి ఏడున్నర మందేగా అనుకోవచ్చు. ఆ ఏడున్నరలో మన అమ్మమ్మ ఉంటే అలా అనుకోగలమా?

నేను కంప్యూటర్లకు వ్యతిరేకిని కాను, అది నా అన్నం. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాక కరెంటు బిల్లు కట్టడానికి సగం రోజు క్యూలో నిలబడే బాధ తప్పింది. లంచం అడిగే చేతులు కొన్ని తగ్గాయి. అయితే యంత్రం వచ్చాక లెక్క చూపించవలసిన బాధ్యత పెరగాలి గాని, తగ్గకూడదు. దానికి దారి చూపించినవాళ్లు కూడా మనవాళ్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎవరికి ఎంత ముట్టిందో గ్రామసభలో అందరూ వినేటట్టు చదివేవారు. ఆ పద్ధతి మస్టరు రోలుకు చెల్లినప్పుడు కంప్యూటర్ జాబితాకు ఎందుకు చెల్లదు?

తప్పు జరిగాక సరిదిద్దడం ఒక ఎత్తు, విధానం రాసేటప్పుడే అడగడం ఇంకొక ఎత్తు. 1999 జనవరిలో విడుదలైన విజన్ 2020 పత్రం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెకిన్సీ సలహాతో తయారైన ఆ పత్రం వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని తలపెట్టింది. మరి ఆ తగ్గిపోవలసిన జనం ఏమన్నారు? 2001 జూన్ చివరలో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గరి అల్గోలు గ్రామంలో ప్రజాతీర్పు పేరుతో ఒక జ్యూరీ కూర్చుంది. 19 మంది సభ్యులు. చిన్న, సన్నకారు రైతులే ప్రధానంగా, అందులోనూ ఎక్కువ మంది స్త్రీలు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ అధ్యక్షతన ఒక బృందం ఆ ప్రక్రియను పర్యవేక్షించింది. భూమి నుంచి మమ్మల్ని తగ్గించవద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, మా తిండి మేం పండించుకునే వ్యవసాయం కావాలి అన్నది వారి తీర్పు.

రాష్ట్రానికి పెద్దఎత్తున సహాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ శాఖకు ఆ నివేదిక రుచించలేదు. వారి ప్రతి మాటతోనూ నేనూ ఏకీభవించను. కానీ ఆ ప్రాంతపు మహిళా సంఘాలు చిరుధాన్యాలు అంటిపెట్టుకుని ఉన్నప్పుడు వెనుకబాటుతనం అన్నవాళ్లున్నారు. 2019లో అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్రలు, జొన్నలు ఇప్పుడు ఇక్కడి మన షాపుల్లో కూడా ఖరీదైన సరుకే! అనుభవం ఉన్న నోటిని ముందే అడిగి ఉంటే మనకు ఎంత కాలం కలిసొచ్చేదో ఆలోచించండి.

యూరప్‌లో ఇటువంటి మాటకు చట్టంలోనే చోటు ఉంది. బ్రస్సెల్స్‌లో 1958 నుంచి పనిచేస్తున్న ఆర్థిక, సామాజిక సంఘంలో నేడు 329 మంది సభ్యులు. యజమానులు ఒక వర్గం, కార్మికులు ఒక వర్గం, రైతులు, వినియోగదారులు, పర్యావరణ సంస్థలు మొదలైనవారు మూడో వర్గం. పర్యావరణమైనా, డిజిటల్ వ్యాపారమైనా చట్టం రాకముందే వారి అభిప్రాయం వింటారు. అది సలహా మాత్రమే, వినితీరాలన్న నియమం లేదు. అయినా కుర్చీ ఉంది. 2018 మే 25 నుంచి అమలైన అక్కడి డేటా చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. బతుకు మీద ప్రభావం చూపే నిర్ణయం యంత్రం ఒక్కటే చేస్తే, కొన్ని మినహాయింపులు పోను, మనిషి చేత మళ్లీ చూపించమని అడిగే హక్కు ఇచ్చింది. అలాగని అక్కడ అన్నీ సజావుగా లేవు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లన్నారు. ఆ గొడవలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. కుర్చీ వేస్తే చాలదు, అందులో కూర్చున్నవాళ్లు నోరు విప్పాలి.

ఇక మన సంగతి. మన మహాసభలకు మంత్రులు వస్తారు, పారిశ్రామికవేత్తలు వస్తారు. పెట్టుబడుల సదస్సు జరుగుతుంది, శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం. ఆ వేదిక మీద ఇంకొక కుర్చీ వేయమని నా మనవి. జహీరాబాద్ రైతు మహిళనో, సామాజిక తనిఖీ చేసిన ఊరి యువకుణ్ణో పిలిచి కూర్చోబెడదాం, ప్రయాణ ఖర్చు మనం పెట్టుకుందాం. పారితోషికం ఇచ్చి సినిమా తారలను రప్పించగలిగిన మనకు అదేమంత భారం కాదు. రెండో మనవి ఇంజనీర్లకు. ఏ ప్రభుత్వమైనా పేదల పథకానికి కంప్యూటర్ వ్యవస్థ తెస్తే, తప్పు ఎంత శాతం, సరిదిద్దే మనిషి ఎవరు, నోటీసు ఎవరి చేతికి అందుతుంది అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగడానికి నలుగురం కలిసి కూర్చుందాం. డాక్టర్లు ఆరోగ్య పథకాల విషయంలో అదే పని చేయవచ్చు.

మన సంఘాలకు రాజకీయాలు తగవని కొందరు పెద్దలు అంటారు. ఫలానా పార్టీకి ఓటు వేయమనడం నిజంగానే తగదు, ఇక్కడి పన్ను మినహాయింపు చట్టం కూడా ఒప్పుకోదు. కానీ ప్రశ్న అడగడం పార్టీ కాదు. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దలే చెప్పారు. అడగడం రానివాళ్ల తరఫున, అడగడం వచ్చిన మనం అడగాలి.