పెట్టె పాడవలేదు, చెవి మూసుకుంది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని మేము చేతులారా చెడగొట్టుకున్న ఒక పని గురించి రాస్తున్నాం. మేము అంటే పీజీ చదువుతూ ఒకే గదిలో ఉంటున్న ముగ్గురం. ముగ్గురం మన హాస్టల్ అన్నం తిన్నవాళ్లమే. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు.

మాలో ఒకరి అమ్మమ్మది ప్రత్తిపాడు వైపు పల్లె. నలభై ఏళ్లు ముఠాలో కలుపు తీసింది, పత్తి తీసింది, మిరపకాయ కోసింది. ఆమె పాట ఎత్తుకుంటే సాలు సాలంతా వంత పాడేదట. ఇప్పుడు చేలో ఎవరో ఒకరి ఫోను పాడుతోంది, మనుషులు పాడటం తగ్గింది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. కాబట్టి పోయిన ఏడాది కాయకోతల్లో రికార్డు చేద్దామని బయలుదేరాం.

ఫోను చాలదా అని మీరు అడగవచ్చు. మా చౌక ఫోను దగ్గరి మాటను పట్టి, దూరపు వంతను చప్పుడనుకొని కోసేస్తోంది. అందుకే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఒక కాలర్ మైకు పట్టుకెళ్లాం. అందులో ఉన్నది విండోస్ కాదు, ఓపెన్‌బీఎస్‌డీ. కెనడాలో థియో డి రాట్ 1995లో మొదలుపెట్టిన సిస్టం అది. ఒక సీనియర్ అన్న వేసిచ్చాడు. క్యాంపస్‌లో మరెవరి దగ్గరా లేదని మాకు కొంచెం గొప్ప కూడా! నల్ల తెరమీద ఆక్యాట్ అనే ఆజ్ఞ కొడితే రికార్డింగ్ మొదలవుతుంది. అవ్వ నలభై నిమిషాలు పాడింది. ఫైలు సుమారు 46 కోట్ల బైట్లకు పెరిగింది. గదికొచ్చి వింటే చడీచప్పుడూ లేదు.

ముందు పది సెకన్లు రికార్డు చేసి విని చూసుకోవాలన్న బుద్ధి ముగ్గురిలో ఒక్కరికీ పుట్టలేదు.

రిపేరు షాపుకు తీసుకెళితే సౌండు కార్డు పోయిందన్నారు, పద్దెనిమిది వందలవుతుందన్నారు. అంత డబ్బు లేదు గనుక మేమే కూర్చున్నాం. డబ్బుంటే ఇది నేర్చుకునేవాళ్లం కాదేమో! మొదట డీమెసెజ్ చూశాం. కంప్యూటర్ లేచేటప్పుడు ఏయే భాగాలను గుర్తుపట్టిందో అందులో ఉంటుంది. సౌండు కార్డు పేరు అక్కడ ఉంది, అంటే కార్డు పోలేదు. ఫైలు పెరిగింది కాబట్టి రికార్డింగ్ నడిచింది. సెకనుకు 48,000 కొలతలు, ఒక్కొక్కటి రెండు బైట్లు, రెండు చానళ్లు, కలిపి 1,92,000 బైట్లు. నలభై నిమిషాలకు లెక్క సరిగ్గా సరిపోయింది. మరి ఆ బైట్లలో ఉన్నదేమిటి? హెక్స్‌డంప్‌తో ఫైలు తెరిచి చూశాం. మొదట ఫైలు వివరాలు, ఆ తరువాత అన్నీ సున్నాలు. ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తే హెక్స్‌డంప్ దాన్ని ముద్రించదు, బదులుగా ఒక నక్షత్రం గుర్తు పెడుతుంది. అవ్వ పాడిన నలభై నిమిషాలు మా తెరమీద ఒక్క నక్షత్రం.

దారి చూపింది ఆ సున్నాలే. మైకు తీగ తెగినా సాధారణంగా కొంత సొద ఉంటుంది. ఇంత నిఖార్సయిన సున్నా వచ్చిందంటే ఎవరో కావాలనే పెడుతున్నారన్నమాట. సిస్టంతో పాటే వచ్చే మాన్యువల్ పేజీలు తెరిచాం. తెలుగు మీడియం వాళ్లం, పక్కన డిక్షనరీ పెట్టుకొని రెండు రాత్రులు చదివాం. ఆడియో పేజీలో దొరికింది. 2018లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి కెర్న్.ఆడియో.రికార్డ్ అనే మీట ఉంది, మొదట అది సున్నా దగ్గరే ఉంటుంది. సున్నా ఉన్నంతసేపు ఏ ప్రోగ్రాం రికార్డు చేయబోయినా నిశ్శబ్దమే అందుతుంది. సిస్‌సీటీఎల్ ఆజ్ఞతో దాన్ని ఒకటి చేశాం. తిరిగి ఆన్ చేసినప్పుడూ అలాగే ఉండాలంటే సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఫైల్లో ఆ వరుస రాయాలి. ఆపైన ఎస్ఎన్‌డీఐఓసీటీఎల్‌తో మైకు స్థాయి పెంచాం. దగ్గితే దగ్గు వినపడింది.

మాలో ఒకరు ఇప్పటికీ ఆ సిస్టం చేసినవాళ్ల మీద కోపంగానే ఉన్నారు, కనీసం హెచ్చరిక అయినా రావద్దా అంటారు. మిగతా ఇద్దరికీ ఆ పద్ధతే సరైనదనిపిస్తోంది. యజమాని చెప్పకుండా ఏ ప్రోగ్రామూ మన గదిలో మాటలు వినకూడదు కదా. మనం మాత్రం అవ్వను ఎన్నిసార్లు అడిగాం? మైకు పెట్టాక చెప్పాం, పెట్టక ముందు అడగలేదు.

ఇక మా అసలు అభిప్రాయం. మేము చదివిన రోజుల్లో హాస్టల్ కంప్యూటర్లు గుడ్డ కప్పి, తాళం వేసి ఉండేవి. "ముట్టుకోవద్దు, పాడైపోతాయి" అనేవారు. ఆ మాట మన పెద్దలు బావుల దగ్గర, గుడుల దగ్గర విన్నదే. కంప్యూటర్ ఆజ్ఞలకు పాడైపోయే వస్తువు కాదు. మహా అయితే సిస్టం మళ్లీ ఎక్కించుకోవాలి, ఒక పూట పని. ప్రతి హాస్టల్లో ఒక్క పాత కంప్యూటర్‌ను పూర్తిగా పిల్లల చేతికి వదిలేయాలని వార్డెన్లను, పూర్వ విద్యార్థులను కోరుతున్నాం. ఓపెన్‌బీఎస్‌డీయే అక్కర్లేదు, లినక్స్ చాలు. మన స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకే తెచ్చారు. లినక్స్‌లో ధ్వని రాకపోతే ఆల్సామిక్సర్ తెరిచి చూడండి, గీత కింద రెండు ఎమ్ అక్షరాలుంటే నోరు మూసి ఉందని అర్థం, ఎమ్ మీట నొక్కితే తెరుచుకుంటుంది. ఏ-రికార్డ్ తో పది సెకన్లు చేసి వినండి. పదే పది సెకన్లు, మరిచిపోవద్దు.

మేము మళ్లీ వెళ్లేసరికి ఆలస్యమైంది. ఎండల్లో అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఈ సంక్రాంతికి ముఠాలోని నలుగురు ఆడవాళ్లను అడిగి, ఒప్పించి, అవ్వ మంచం పక్కన కూర్చోబెట్టాం. తెలిసినంత పాడారు. "ఈసారన్నా ఇంటదా అయ్యా మీ పెట్టె?" అని ఒకామె నవ్వింది. మధ్యలో ఒక చరణం తప్పు పడింది. అవ్వ కుడిచేతి వేలితో మంచంపట్టె మీద రెండుసార్లు కొట్టింది. వాళ్లు ఆగి, తడుముకొని, మళ్లీ ఎత్తుకున్నారు. ఆ రెండు దెబ్బలు కూడా ఫైల్లో ఉన్నాయి.