శనివారం ఎటు పోయినవ్ బిడ్డా?

డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదైతే తెలంగాణలోని రాయికోడ్‌లో ఆదివారం పొద్దున ఆరున్నర. ఇది ఎండాకాలపు లెక్క. చలికాలంలో అక్కడ గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఇక్కడ ఏడున్నర అవుతుంది. పొయ్యి మీద చాయ్ మరిగే వేళకు ఫోన్ మోగుతుంది. "తిన్నవా బిడ్డా? చదువు ఎట్ల నడుస్తుంది? సలి ఉందా?" వారం వారం అవే మూడు ప్రశ్నలు, అవే మూడు జవాబులు. "ఇయ్యాల ఎటు పోయినవ్?" అనే నాలుగో ప్రశ్న అరుదుగా వస్తుంది. వచ్చినా దానికి నిజమైన జవాబు రాదు. "ఎటు పోలేదమ్మా, రూములనే ఉన్న."

ఆ మాట చెప్పే పిల్లవాడు ఆ పొద్దు నలుగురు దోస్తులతో కారు అద్దెకు తీసుకొని మూడు గంటల దూరంలోని జలపాతం చూసి వచ్చి ఉంటాడు. అలసట తీరక ముందే అబద్ధం చెప్పాల్సి వస్తుంది. అతనికి అబద్ధమాడే అలవాటేమీ లేదు. ఇంటి మీద ఉన్న అప్పు అతనికి తెలుసు. పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయనీ, నెల నెలా వడ్డీ పెరుగుతోందనీ తెలుసు. "చదువుకోమని పంపితే తిరుగుతున్నవా?" అన్న మాట నాన్న నోటి నుంచి రాకుండా చూసుకోవడానికి ఫోటోలను కూడా ఇంటివాళ్లకు కనిపించకుండా పెడతాడు.

ఈ దాపరికమే అన్నిటికన్నా ప్రమాదం. ఎక్కడికి పోయాడో ఇంట్లో తెలియదు, ఎవరితో పోయాడో తెలియదు, వాళ్ల ఫోన్ నంబర్లూ లేవు.

విదేశీ చదువు ఒకప్పుడు పట్నాల్లోని కొన్ని కుటుంబాలకే అందేది. ఇప్పుడు అలా లేదు. అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 2023-24లో 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క చెప్పింది. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 3,63,019కి చేరింది. అందులో తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో డెంటన్‌లోనో వారెన్స్‌బర్గ్‌లోనో విశ్వవిద్యాలయం పక్కనున్న అపార్ట్‌మెంట్ల మెట్ల మీద వినిపించే మాటలే చెబుతాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న రాయికోడ్ లాంటి మండలాల ఇళ్లకూ ఆ దారి తెరుచుకుంది. కాలేజీ గడప తొక్కిన మొదటితరం పిల్లలే ఇప్పుడు సముద్రం దాటుతున్నారు. అక్కడ శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో చెప్పేందుకు వాళ్ల ఇళ్లలో పెద్దన్నలు, చిన్నాన్నలు ఎవరూ ముందుగా పోయి వచ్చి లేరు.

ఎలా గడుస్తాయి మరి? సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు, అసైన్‌మెంట్లు. నడుమ క్యాంపస్ క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో పని. అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు, అదీ సాధారణంగా క్యాంపస్ లోపలే. బ్రిటన్‌లోనూ 20 గంటలే. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48. శనివారం వచ్చేసరికి బట్టలు ఉతకడం, వారానికి సరిపడా కూరగాయలు, బియ్యం తెచ్చుకోవడం, కారున్న సీనియర్‌ను బతిమాలి ఇండియన్ స్టోర్ దాకా వెళ్లడం. అవన్నీ అయ్యాక మిగిలిన పూటే ఔటింగ్.

ముందురోజు రాత్రే వంటగదిలో హడావుడి మొదలవుతుంది. ఒకరు పులిహోర కలుపుతారు, ఒకరు చికెన్‌కు మసాలా పట్టించి డబ్బాలో పెడతారు. లైసెన్స్ ఉన్నవాడు స్టీరింగ్ పడతాడు, పక్క సీటువాడు దారి చూస్తాడు, వెనక సీట్లో పాటల మీద తగువు. పెట్రోలు, పార్కింగ్, చాయ్ డబ్బులు అన్నీ స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసి తలా ఇంత అని పంచుకుంటారు. అయిదుగురి మధ్య పంచితే ఆ ఖర్చు ఒక్కొక్కరికి హోటల్లో ఒక పూట భోజనం కంటే పెద్దగా మించదు. ఇంట్లోవాళ్లకు తెలియాల్సిన లెక్క ఇదే.

లెక్క కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మొదటి రోజు విమానాశ్రయం నుంచి తీసుకొచ్చింది ఈ దోస్తులే. మంచం కొనుక్కునే దాకా తమ పరుపులో సగం ఇచ్చిందీ వీళ్లే. పరీక్ష పోయిన సంగతి అమ్మకు చెప్పలేనివాడు కారు వెనక సీట్లో ఎవరో ఒకరికి చెబుతాడు. రెండు రోజులు గది తలుపు తీయకపోతే వచ్చి తట్టేది ఎవరు? రాయికోడ్‌లో అయితే ఊరంతా తడుతుంది. అక్కడ ఆ పని చేసేది వీకెండ్‌కు కలిసి తిరిగిన నలుగురే. పిల్లలు తిరగడం తప్పు కాదు. ఎవరితోనూ ఎటూ పోకుండా సెమిస్టర్ అంతా గదిలో ఉండిపోయే పిల్లవాడి గురించే ఇంట్లోవాళ్లు ఎక్కువ బెంగపడాలి.

చదువులో సగం స్నేహంతోనే వస్తుందని తెలుగువాళ్లకు ఎవరో కొత్తగా చెప్పనక్కరలేదు. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి ఐరిష్ జాతీయవాదులతో ఏర్పడిన పరిచయాలు ఆయనను మార్చేశాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత దేశం వదిలి పొమ్మన్నారు. తిరిగివచ్చి కార్మిక నాయకుడై, చివరికి రాష్ట్రపతి అయ్యారు. హైదరాబాద్ నుంచి నిజాం స్కాలర్‌షిప్‌తో పదహారేళ్లకే ఇంగ్లండ్ వెళ్లిన సరోజినీ నాయుడుకు అక్కడ ఎడ్మండ్ గాస్ వంటి సాహిత్యకారుల స్నేహం దొరికింది. తన నేల మీది పూలూ పిట్టలూ మనుషుల గురించి రాయమని ఆమెకు చెప్పిందీ ఆ గాసే. ఇవి తరగతి గదిలో దొరికినవి కావు.

ఇక్కడ తెలుగు పిల్లలతో ఒక మాట గట్టిగా అనాలి. రూమ్మేట్లు తెలుగువాళ్లు, కారులో అందరూ తెలుగువాళ్లు, బతుకమ్మ ఆడేదీ, క్రికెట్ ఆడేదీ తెలుగువాళ్లతోనే. మొదటి ఆర్నెల్లు అలా ఉండటం సహజం, అవసరం కూడా. రెండేళ్లూ అలాగే గడిచిపోతే మాత్రం ఊరు దాటినట్టే కాదు. ల్యాబులో పక్కన కూర్చునే నైజీరియా అమ్మాయినో, వియత్నాం అబ్బాయినో ఒక్క శనివారం పులిహోరకు పిలిస్తే కొత్తగా ఒక తలుపు తెరుచుకుంటుంది.

తిరగడం మంచిదే కానీ, నీళ్ల సంగతి వేరు. దాని గురించి మెత్తగా మాట్లాడితే కుదరదు.

2022 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మిస్సోరిలోని ఓజార్క్స్ సరస్సులో ఇద్దరు తెలంగాణ విద్యార్థులు మునిగి చనిపోయారు. ఒకరు నీళ్లలో దిగి మునిగిపోతుంటే ఆదుకోవాలని రెండోవాడు దూకాడు. అదే ఏడాది డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సులో మంచు పెచ్చు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు ప్రాణాలు కోల్పోయారు. 2024 ఏప్రిల్ 17న స్కాట్లండ్‌లో, గ్యారీ, టమ్మెల్ నదులు కలిసే లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గరికి నలుగురు స్నేహితులు ట్రెకింగ్‌కు వెళితే అందులో ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిపాలయ్యారు. ఆ జులైలోనే ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని మిల్లా మిల్లా జలపాతం దగ్గర మరో ఇద్దరు. ప్రతిసారీ ఇక్కడ ఒక ఊరు రోజుల తరబడి శవపేటిక కోసం ఎదురుచూసింది. అమెరికాలోని తెలుగు సంఘం తానా వారి టీమ్ స్క్వేర్ వంటి బృందాలు అక్కడ ఆసుపత్రికీ ఎంబసీకీ మధ్య తిరుగుతుంటాయి.

విదేశమైనందుకు జరిగినవి కావు ఇవి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. 2025 జనవరిలో సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో అయిదుగురు యువకులు మునిగిపోయారు. ఇలాంటి చావుల వెనుక ఉన్న కారణాల్లో ఒకటి: ఈ తరంలో చాలామందికి ఈత రాదు.

వాళ్ల తాతలకు వచ్చు. మెదక్ పడమటి పల్లెల్లో పొలానికో బావి ఉన్న రోజుల్లో నడుముకు బెండు కట్టి పిల్లవాణ్ని బావిలోకి తోసేవారు. ఎండాకాలం సెలవులు అయిపోయేసరికి గట్టు మీంచి దూకేవాడు. తరువాత బోర్లు వచ్చాయి. బావులు ఎండిపోయాయి, కొన్నిటిని చెత్తతో పూడ్చారు. మంజీర ఇంత దగ్గర్లో ఉన్నా, సింగూరు నీళ్లు కళ్లముందే ఉన్నా, ఆరంగుళాల గొట్టంలోంచి వచ్చే నీటిని చూసి పెరిగిన పిల్లలకు లోతు అంటే ఏమిటో తెలియదు. అలాంటి పిల్లవాణ్ని పదిహేను డిగ్రీలకంటే చల్లగా ఉండే నది ఒడ్డున నిలబెడితే ఏమవుతుంది? ఆ నీళ్లలో పడగానే మనిషి ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగపీలుస్తాడు. నోరు నీటిలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా ఆ మొదటి నిమిషంలోనే పోవచ్చు. బ్రిటన్‌లోని లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ చెప్పే సలహా చాలా చిన్నది: కాళ్లుచేతులు కొట్టుకోకుండా, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, వెల్లకిలా తేలాలి. ఊపిరి కుదుటపడ్డాక అరవాలి, లేదా ఒడ్డుకు ఈదాలి. గడ్డ మీద ఉన్నవాడు నీళ్లలో దూకకూడదు. తువ్వాల, కర్ర, తాడు, ఖాళీ నీళ్ల క్యాను, ఏది దొరికితే అది విసరాలి. దోస్తు కోసం దూకినవాడి ప్రేమను ఎవరూ శంకించలేరు. ఆ ప్రేమ చేతిలో ఒక తాడు ఉండాల్సింది.

చాలామంది పిల్లలకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ ఫీజులోనే రిక్రియేషన్ సెంటర్ ఫీజు కలిసి ఉంటుంది. అంటే ఈత కొలనుకు ముందే డబ్బు కట్టేసినట్టు. తక్కువ ధరకు ఈత నేర్పే క్లాసులు, అనుభవమున్న గైడుతో ట్రెకింగ్ యాత్రలు కూడా చాలాచోట్ల ఉంటాయి. సొంతంగా కారు వేసుకొని దారి తెలియని జలపాతానికి పోయే ముందు ఆ ఆఫీసు తలుపు తట్టాలి.

కారు సంగతీ అంతే. అద్దె కారుకు పాతికేళ్లలోపు వాళ్ల దగ్గర రోజుకు అదనంగా వసూలు చేస్తారు. అది తప్పించుకోవాలని ఒకరి పేరు మీద తీసుకొని వేరొకరు నడిపితే ప్రమాదం జరిగినప్పుడు బీమా చేతులెత్తేయవచ్చు. 2024 ఆగస్టు 30న, లేబర్ డే సెలవుల ముందు శుక్రవారం, డాలస్‌కు ఉత్తరాన కార్‌పూల్ యాప్‌లో కలిసి బయలుదేరిన నలుగురు భారతీయులు ట్రక్కు ఢీకొని మంటల్లో చనిపోయారు. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు కావాల్సి వచ్చింది. ఎక్కిన బండి నంబరు, ఎక్కిన చోటు ఇంటికి పంపడానికి పట్టేది అర నిమిషం.

20 లక్షలు ఇచ్చే ప్రభుత్వం ఆ మంజూరు ఉత్తర్వుతోపాటు ఒక రోజు శిక్షణ కూడా పెట్టాలి. చల్లటి నీళ్లు, అమెరికాలో రోడ్డుకు కుడివైపున డ్రైవింగ్, మంచు, బీమా, అత్యవసర ఫోన్ నంబర్లు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. లక్షల్లో కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీలకూ ఇది బాధ్యతే. వీసా ఇంటర్వ్యూకు నెలలకొద్దీ తర్ఫీదు ఇచ్చేవాళ్లు నీటి గురించి ఒక గంట మాట్లాడలేరా?

ఇంట్లో చేయాల్సింది మాత్రం వచ్చే ఆదివారం పొద్దునే మొదలు పెట్టవచ్చు. ఎటు పోయాడని కోపంగా కాకుండా, ఊరు చూసొచ్చిన మనిషిని అడిగినట్టు అడగాలి. ఎవరెవరు పోయిండ్రు, ఏం వండుకున్నరు, కారు ఎవరు నడిపిండ్రు, ఫోటోలు పంపు. పిల్లవాడు మొదట తడబడతాడు. తరువాత జలపాతం పేరు చెబుతాడు. అప్పుడు, వచ్చే వారం పోయే ముందే చెప్పమని, ఆ నలుగురి నంబర్లూ పంపమని అడగవచ్చు. ఆగస్టులో వెళ్లబోయే పిల్లలున్న ఇళ్లకైతే ఎండాకాలం చేతిలో ఉంటుంది. బావి లేకపోయినా, సంగారెడ్డిలోనో హైదరాబాద్‌లోనో కొలను చూసి చేర్పించవచ్చు. నీళ్లలో తేలడం రెండు మూడు వారాల్లో వస్తుంది.